మైకు తీసేయాలా, మాట కలపాలా? యూదుల మీద విషం కక్కిన సెలబ్రిటీతో ఏం చేయాలి

2022 అక్టోబరు ఆఖరి వారంలో న్యూజెర్సీ ఎడిసన్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. అప్పుడు వాడికి పన్నెండేళ్లు. "మామయ్యా, నా యీజీలు పారెయ్యాలా?" అన్నాడు. యీజీలంటే ఏమిటో మా అక్క ఫోన్ అందుకుని చెప్పాల్సి వచ్చింది. కన్యే వెస్ట్ అనే ర్యాప్ గాయకుడి బ్రాండుతో అడిడాస్ అమ్మే బూట్లట. జత రెండొందల డాలర్ల పైమాటే. పుట్టినరోజుకి నెల్లాళ్లు పోరుపెట్టి కొనిపించుకున్నాడు. ఇప్పుడా గాయకుడు యూదుల మీద యుద్ధానికి దిగుతున్నట్టు ట్వీటు పెట్టాడు. వీడి క్లాసులో పక్క సీటు కుర్రాడు యూదు.

"బూట్లకేం తెలుసురా పాపం, వేసుకో" అనేశాను. ఫోన్ పెట్టేశాక ఆ జవాబు నాకే నచ్చలేదు. వాడు అడిగింది బూట్ల గురించి కాదు కదా. తనకి ఇష్టమైనవాడు తన స్నేహితుడి మీద కత్తి దూస్తే తానేం చెయ్యాలి అని అడిగాడు. అప్పట్నుంచి ఇలాంటి ఉదంతాలు ఎక్కడ కనబడినా ఆగి చదువుతున్నాను. ఎవరు ఏ దారి పట్టారు, చివరికి ఏం మిగిలింది అని.

పైకి దారులు రెండే. ఒకటి నోరు మూయించడం: అకౌంటు ఆపెయ్యడం, కాంట్రాక్టు రద్దు చెయ్యడం, చట్టం ఒప్పుకున్నచోట కేసు పెట్టడం. రెండోది కూర్చోబెట్టి మాట్లాడటం. నోరు మూయిస్తే విషం లోపల ముదురుతుందని ఒక పక్షం. పాముతో చర్చలేమిటని ఇంకో పక్షం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, చివరిదాకా దాచిపెట్టి ఊరించడం దేనికి. మైకు వేరు, మాట వేరు. మైకు తీసుకున్నంత మాత్రాన మనిషి నోరు నొక్కినట్టు కాదు. మైకు ముందు జరిగేదంతా సంభాషణా కాదు. ముందు మైకు తీసుకుని, ఆ తర్వాత తలుపు వేసుకుని మాట్లాడినచోట ఎంతో కొంత పని జరిగింది. వరస తారుమారైనచోట చెడింది.

ఈ ద్వేషంలో ఉన్న మెలిక

ఒక కులాన్నో మతాన్నో తిట్టేవాళ్లు మామూలుగా వాళ్లని కిందకి లాగి తిడతారు. యూదుల మీద ద్వేషం చాలాసార్లు దీన్ని తిరగేస్తుంది. బ్యాంకులు వాళ్లవే, పత్రికలు వాళ్లవే, సినిమా స్టూడియోలు వాళ్లవే, తెర వెనక తాడు లాగేది వాళ్లే అంటుంది. 1903లో రష్యాలో అచ్చయిన ఒక నకిలీ పత్రం ఈ కథనే చెప్పింది. అది దొంగ సరుకని 1921లోనే లండన్ టైమ్స్ పత్రిక బయటపెట్టింది. అయినా వందేళ్లుగా అదే కథ వేషం మార్చుకుని తిరుగుతూనే ఉంది.

మెలిక ఎక్కడుందంటే, "వాళ్లు తెర వెనక నుంచి అందర్నీ ఆడిస్తారు" అన్నవాడి కాంట్రాక్టు రద్దయితే ఆ రద్దే వాడికి సాక్ష్యమవుతుంది. "చూశారా, నేను చెప్పింది నిజం కాబట్టే నా నోరు నొక్కారు" అంటాడు. అభిమానులు నమ్ముతారు. వేరే రకం ద్వేషాల్లో శిక్ష శిక్షగానే ఉంటుంది. ఇక్కడ అది వాదానికి ఎరువు కూడా. నోరు మూయించడం మంచిదా కాదా అని తూచేటప్పుడు ఈ బరువు ఒక పళ్లెంలో వెయ్యాల్సిందే.

ఇంకో చిక్కు ఇజ్రాయెల్. గాజా మీద, అక్కడి ప్రభుత్వం మీద ఎవరైనా ఘాటుగా మాట్లాడితే అది యూదు ద్వేషమేనా? కాదు. యూదు సంస్థలు, చాలా ప్రభుత్వాలు వాడే 2016 నాటి ఐహెచ్‌ఆర్‌ఏ (యూదుల మారణకాండ జ్ఞాపకం కోసం ఏర్పడ్డ దేశాల కూటమి) నిర్వచనమే, వేరే ఏ దేశాన్నైనా విమర్శించినట్టు ఇజ్రాయెల్‌ని విమర్శిస్తే అది యూదు ద్వేషం కిందకి రాదని రాసిపెట్టింది. ఆ నిర్వచనంలోని ఉదాహరణలు గీతని మసక చేస్తున్నాయని భావించిన పండితులు 2021లో జెరూసలేం ప్రకటన పేరుతో ఇంకొకటి రాశారు. గీత ఎక్కడ పడాలన్న తగువు తీరలేదు. కాబట్టి తేల్చుకోవాల్సిన మొదటి పని ఇది: ఆ మనిషి ఒక ప్రభుత్వాన్ని అన్నాడా, యూదులై పుట్టినవాళ్లందర్నీ అన్నాడా? మొదటిదైతే నోరు మూయించే మాటే ఎత్తకూడదు. నచ్చకపోతే వాదించండి. ఈ వ్యాసం రెండో రకం గురించి.

తెలియక నోరు జారినవాళ్లు

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు మన పెద్దలు. టీవీ వాళ్లకి ఈ సామెత ఇంకా గట్టిగా వర్తిస్తుంది.

2022 జనవరి 31న ఏబీసీ ఛానెల్ చర్చా కార్యక్రమంలో నటి వూపీ గోల్డ్‌బర్గ్, నాజీలు యూదుల్ని చంపడం జాతికి సంబంధించిన సంగతి కాదని, మనుషులు మనుషులకి చేసిన అమానుషమని అన్నారు. అమెరికాలో పెరిగిన నల్లజాతి మహిళకి జాతి అంటే చర్మం రంగే. నాజీల దృష్టిలో మాత్రం యూదులు ఒక జాతి, అదీ తుడిచిపెట్టాల్సిన జాతి. అరవై లక్షల మందిని చంపింది ఆ లెక్క మీదే. ఆవిడ అన్నది తప్పు. అందులో ద్వేషం మాత్రం లేదు. తమాషా ఏమిటంటే, ఆ రోజు చర్చ మొదలైంది టెన్నెసీలో ఒక స్కూల్ బోర్డు ఆ మారణకాండ గురించిన బొమ్మల పుస్తకాన్ని పాఠాల్లోంచి తీసేసినందుకు. సెన్సార్ తప్పని మాట్లాడబోయి దొరికిపోయారు.

మర్నాడే ఆవిడ క్షమాపణ చెప్పారు. యూదు ద్వేషానికి వ్యతిరేకంగా పనిచేసే యాంటీ డిఫమేషన్ లీగ్ అధిపతి జొనాథన్ గ్రీన్‌బ్లాట్‌ని అదే కార్యక్రమానికి పిలిచి, తప్పెక్కడో ఆయన చేతే చెప్పించారు. లక్షల మంది చూశారు. "జాతి అంటే రంగే కదా" అనుకునే ఎంతమందికో అది పాఠం. అంతా సర్దుకుంటోంది అనుకునేసరికి ఆ సాయంత్రమే ఛానెల్ యాజమాన్యం రెండు వారాలు సస్పెండ్ చేసింది. ఆ రెండు వారాల వల్ల ఎవరికీ కొత్తగా తెలిసిందేమీ లేదు. చర్చ మారణకాండ మీద నుంచి ఆవిడకి జరిగిన న్యాయాన్యాయాల మీదకి మళ్లిపోయింది. తెలియక అన్నవాళ్లు అదే వేదిక మీద, అదే గొంతుతో దిద్దుకుంటున్నప్పుడు శిక్ష అదనపు బరువే. ఇలాంటి చోట నా ఓటు పూర్తిగా మాట వైపు.

సగం తెలిసి, సగం నమ్మినవాళ్లు

అసలు కష్టం వీళ్లతోనే, ఫలితం దక్కేది కూడా ఎక్కువగా వీళ్ల దగ్గరే.

2020 జులైలో ఫిలడెల్ఫియా ఈగిల్స్ జట్టు అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు డిషాన్ జాక్సన్ హిట్లర్ అన్నాడంటూ ఒక మాటని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడు. నల్లజాతివాళ్లే అసలు ఇశ్రాయేలీయులని, ప్రపంచాన్ని ఏలే పథకం కోసం యూదులు ఆ సంగతి దాస్తున్నారని దాని సారం. హిట్లర్ ఆ మాట అనలేదు కూడా. జట్టు జరిమానా వేసింది, ఎంతో చెప్పలేదు, తీసెయ్యలేదు. రెండు మూడు రోజులకి న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ ఆటగాడు జూలియన్ ఎడెల్మన్ ఒక వీడియో పెట్టాడు. ఎడెల్మన్ యూదు. మనిద్దరం వాషింగ్టన్ వెళ్దాం, యూదుల మారణకాండ మ్యూజియం నేను నీకు చూపిస్తాను, నల్లజాతి చరిత్ర మ్యూజియం నువ్వు నాకు చూపించు, తర్వాత బర్గర్లు తింటూ మాట్లాడుకుందాం అన్నాడు.

ఆ పిలుపులో నాకు నచ్చింది రెండో మ్యూజియం. "నీకు తెలీదు, రా నేర్పుతాను" అని మాత్రమే ఉంటే అది బెత్తం పట్టుకున్న మాస్టారి పిలుపు. "నాకూ తెలియనివి ఉన్నాయి, నువ్వు చూపించు" అనడంతో ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చున్నట్టయింది. అదే రోజుల్లో జాక్సన్ 94 ఏళ్ల ఎడ్వర్డ్ మోస్‌బర్గ్‌తో వీడియోలో మాట్లాడాడు. నాజీ క్యాంపుల నుంచి బతికి బయటపడ్డ పెద్దాయన ఆయన, కుటుంబాన్ని అక్కడే పోగొట్టుకున్నాడు. తనతో ఆష్విట్జ్ రమ్మని పిలిచాడు. హిట్లర్ పేరు మీద వచ్చిన పోస్టు షేర్ చెయ్యడానికి రెండు సెకన్లు పడుతుంది. అది నిజంగా చూసినవాడి మొహంలోకి చూస్తూ గంటసేపు కూర్చోవడం వేరే విద్య.

మాయర్స్ లియోనార్డ్ ఉదంతం నాకింకా విలువైనదిగా తోస్తుంది, ఎందుకంటే అక్కడ రెండు దారులూ ఒకదాని వెనక ఒకటి నడిచాయి. మయామీ హీట్ జట్టు బాస్కెట్‌బాల్ ఆటగాడు. 2021 మార్చిలో వీడియో గేమ్ ఆడుతూ లైవ్‌లో యూదుల్ని తిట్టే ఒక బూతుమాట వాడాడు. లీగ్ 50,000 డాలర్ల జరిమానా, వారం సస్పెన్షన్ వేసింది. జట్టు అతన్ని ఓక్లహోమాకి పంపేసింది, వాళ్లూ వదిలేశారు. దాదాపు రెండేళ్లు ఆట లేదు. ఆ మాటకి అర్థం తెలియదని అతనన్నాడు. నమ్మాలా వద్దా అన్నది మనిష్టం. అక్కడితో ఆగిపోతే ఇదొక మామూలు శిక్ష కథ. ఆ రెండేళ్లూ అతను దక్షిణ ఫ్లోరిడాలో ఒక రబ్బీ (యూదు మతగురువు) దగ్గరకి వెళుతూ వచ్చాడు. శుక్రవారం సాయంత్రం సబ్బాతు భోజనాలకి కూర్చున్నాడు, మారణకాండ నుంచి బతికినవాళ్లని కలిశాడు. ఎక్కువ భాగం కెమెరా లేకుండా. 2023 ఫిబ్రవరిలో మిల్వాకీ బక్స్ జట్టు పది రోజుల కాంట్రాక్టుతో తిరిగి తీసుకుంది. యూదు సమాజం నుంచి పెద్దగా అభ్యంతరం రాలేదు.

జరిమానా లేకపోతే ఆ రబ్బీ తలుపు అతను తట్టేవాడా? నాకు అనుమానమే. రబ్బీ తలుపు మూసుకుని ఉంటే ఆ జరిమానా దేనికి పనికొచ్చేది? అదీ అంతే.

గాయకుడు, యాంకర్ నిక్ కానన్ కథ ఇదే బాట. 2020 జులైలో పాడ్‌కాస్ట్‌లో అన్న మాటలకి వయాకామ్‌సీబీఎస్ తీసేసింది. ముందు కోపగించుకున్నాడు, తర్వాత క్షమాపణ చెప్పాడు, రబ్బీలతో కూర్చున్నాడు. 2021 ఫిబ్రవరిలో అదే సంస్థ వెనక్కి తీసుకుంది.

మాటతో కుదరని చోటు

ఇప్పుడు యీజీల దగ్గరకి వద్దాం. కన్యే వెస్ట్ పేరు మార్చుకుని యే అయ్యాడు. 2022 అక్టోబరు తొలి వారాంతంలో ఇన్‌స్టాగ్రామ్, ట్విటర్ రెండూ అతని అకౌంట్లకి తాళం వేశాయి. ఆ తర్వాత జరిగింది చూడండి. రెండు మూడు వారాల పాటు ఇంటర్వ్యూల మీద ఇంటర్వ్యూలు. వివరణ ఇచ్చుకునే అవకాశం ఇస్తున్నాం అని ఒకరు, నిలదీస్తున్నాం అని ఇంకొకరు. ప్రతి ఇంటర్వ్యూలోనూ అతను మొదటి మాటకి ఇంకో నాలుగు కలిపాడు. చివరికి డిసెంబరు 1న అలెక్స్ జోన్స్ కార్యక్రమంలో మొహానికి నల్ల ముసుగు వేసుకుని కూర్చుని హిట్లర్‌ని మెచ్చుకున్నాడు. కుట్ర కథలు అమ్ముకుని బతికే జోన్స్ కూడా ఇబ్బంది పడి సర్దబోయాడంటే ఎంత దూరం పోయిందో చూసుకోండి.

వీటిని సంభాషణలు అనలేం. చేతిలో మైకు, ఎదురుగా కెమెరా, వెనక వ్యూస్ లెక్క ఉన్నప్పుడు వెనక్కి తగ్గిన ప్రతి అడుగూ ఓటమిగా కనిపిస్తుంది. నిలదీసే యాంకర్‌కి కావాల్సింది వేడి, అతనికి కావాల్సింది గుంపు. ఆ గుంపు వచ్చింది కూడా: అక్టోబరు 22న లాస్ ఏంజిలిస్‌లో 405 హైవే వంతెన మీద కొంతమంది "యూదుల గురించి కన్యే చెప్పింది నిజమే" అని బ్యానరు కట్టి, కింద పోయే కార్ల వైపు చేతులు చాపి నాజీ సెల్యూట్ కొట్టారు. ఫ్యాన్సు ఆవేశం అని నవ్వేసి వదిలే రకం కాదిది.

అడిడాస్ మూడు వారాలు ఆలోచించి అక్టోబరు 25న ఒప్పందం తెంచుకుంది. ఆ ఏడాది లాభంలో 25 కోట్ల యూరోల దాకా కోత పడుతుందని ప్రకటించింది. గోడౌన్లలో మిగిలిన సరుకుని తర్వాత రెండేళ్లలో విడతలుగా అమ్మి, వచ్చినదాంట్లో కొంత ద్వేషానికి వ్యతిరేకంగా పనిచేసే సంస్థలకి ఇచ్చింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనిపిస్తుంది. సంస్థ వ్యవస్థాపకుడు ఆడి డాస్లర్ స్వయంగా నాజీ పార్టీ సభ్యుడన్న సంగతి తలుచుకుంటే, ఆ మూడు వారాల జాప్యం ఎందుకంత గుచ్చుకుందో తెలుస్తుంది.

మైకు తీసుకోవడం వల్ల అతను మారాడా? లేదు. ట్విటర్ డిసెంబరులో బ్యాన్ చేసింది, 2023 జులైలో ఎక్స్ అయ్యాక తెరిచింది. 2023 డిసెంబరులో హీబ్రూలో క్షమాపణ పెట్టాడు. 2025 ఫిబ్రవరిలో అది వెనక్కి తీసుకున్నట్టు మాట్లాడి, తనని నాజీనని చెప్పుకుని, స్వస్తిక గుర్తు టీషర్టు అమ్మకానికి పెట్టాడు. ఆన్‌లైన్ దుకాణాలకి చోటిచ్చే షాపిఫై కంపెనీ ఆ దుకాణం మూసేసింది. 2025 నవంబరులో ఒక రబ్బీ దగ్గరకెళ్లి మళ్లీ క్షమాపణ అడిగాడు. తనకున్న బైపోలార్ అనే మానసిక సమస్య గురించి అతనే బహిరంగంగా చెప్పుకున్నాడు. జబ్బు ఉన్న మనిషి మీద జాలి ఉండాల్సిందే. అయితే ఆ జబ్బు ఉన్నవాళ్లు లక్షల మంది, వాళ్లెవరూ స్వస్తిక చొక్కాలు అమ్మరు.

ఇక్కడ మైకు తీసుకోవడాన్ని "అతను మారాడా" అన్న కొలతతో కొలిస్తే ఓడిపోయినట్టే. "అతని మాట మోసుకెళ్లే బళ్లు తగ్గాయా" అన్న కొలతతో కొలిస్తే తగ్గాయి. అడిడాస్ దుకాణం, అకౌంటు, టీవీ సోఫా, ఇవన్నీ అద్దె బళ్లు. ఆ బండి ఇవ్వనంటే నోరు నొక్కినట్టు కాదు. నా ఇంటి అరుగు మీద కూర్చుని మా పక్కింటివాళ్లని తిట్టకు అంటే, ఊళ్లో తిట్టొద్దని శాసనం చేసినట్టు కాదు కదా.

మధ్యలో చెడిన బేరం

రెండూ కలిపి చెయ్యబోయి రెండూ పాడుచేసుకున్న ఉదాహరణ బ్రూక్లిన్ నెట్స్. ఆ జట్టు బాస్కెట్‌బాల్ ఆటగాడు కైరీ ఇర్వింగ్ 2022 అక్టోబరు 27న యూదుల మీద అబద్ధాలున్న ఒక డాక్యుమెంటరీ లింకు పెట్టాడు. వారం రోజులు విలేఖరుల ముందు అతను సూటిగా జవాబు చెప్పకుండా తిప్పుకొచ్చాడు. అయిదు లక్షల డాలర్ల విరాళం ప్రకటించారు, యాంటీ డిఫమేషన్ లీగ్ వద్దంది. నవంబరు 3న సస్పెన్షన్ వేశాక ఆ రాత్రి క్షమాపణ వచ్చింది. తిరిగి ఆడాలంటే ఆరు షరతులు పూర్తి చెయ్యాలని పెట్టినట్టు వార్తలొచ్చాయి. శిక్షణ తీసుకో, ఫలానా వాళ్లని కలువు, ఇలా. ఎనిమిది మ్యాచ్‌లు పోయాయి. తోటి ఆటగాళ్లు కొందరు షరతుల్ని తప్పుపట్టారు. యాజమాన్యం వాడికి బుద్ధి చెప్పడం కంటే తన పని వదిలించుకోవడం చూసుకుందనిపించింది. ఈలోగా ఆ డాక్యుమెంటరీ అమెజాన్‌లో అమ్ముడవుతూనే ఉంది, ఈ గొడవతో జాబితాల్లో పైకి పాకింది. లింకు పెట్టినవాడికి ఆట లేదు, సరుకు మాత్రం షెల్ఫులో ఉంది.

సంభాషణని హాజరు పట్టీ చేస్తే ఇలాగే ఉంటుంది. కలిశాడా? టిక్కు. చదివాడా? టిక్కు.

చట్టం చేతికి ఇస్తే

అమెరికాలో ఇలాంటి మాటలకి ప్రభుత్వం జైల్లో పెట్టలేదు. 1977లో షికాగో పక్కన స్కోకీలో, మారణకాండ నుంచి బతికి వచ్చినవాళ్లు ఎందరో ఉండే ఊళ్లో, నాజీలు ఊరేగింపు చేస్తామన్నప్పుడు పౌరహక్కుల సంఘం తరఫున వాళ్ల హక్కు కోసం వాదించిన లాయరు డేవిడ్ గోల్డ్‌బర్గర్ యూదు. చివరికి స్కోకీలో ఊరేగింపు జరగనే లేదు. 2009లో ఆ ఊళ్లోనే మారణకాండ మ్యూజియం తెరిచారు. కాబట్టి అమెరికాలో సెన్సార్ అని మనం అనేది దాదాపు అంతా కంపెనీల నిర్ణయమే. కంపెనీ మనసు మారుతుంది కూడా: మారణకాండ జరగలేదనే పోస్టుల్ని తీసెయ్యనని 2018లో అన్న ఫేస్‌బుక్ అధిపతి జుకర్‌బర్గ్ 2020 అక్టోబరులో వాటిని నిషేధించాడు.

ఫ్రాన్స్ వేరు. డిజైనర్ జాన్ గలియానో 2011 ఫిబ్రవరిలో పారిస్ కెఫేలో తాగి యూదుల్ని తిట్టాడు, హిట్లర్ అంటే ఇష్టమన్న వీడియో బయటికొచ్చింది. డియోర్ కంపెనీ మార్చి 1న పంపేసింది. సెప్టెంబరులో కోర్టు దోషి అంది. జరిమానా 6,000 యూరోలు, అదీ వెంటనే కట్టనక్కర్లేకుండా. చట్టం అక్కడ చేసిన పని "ఇది నేరం" అని పేరు పెట్టడమే. గలియానో వ్యసనం మాన్పించే చికిత్సకెళ్లాడు, లండన్‌లో ఒక రబ్బీ దగ్గర కూర్చున్నాడు, 2014లో మార్జియేలా కంపెనీలో మళ్లీ పని దొరికింది.

అదే ఫ్రాన్స్‌లో హాస్యనటుడు డ్యూడొనే మీద చట్టం వరసబెట్టి పడింది. 2008లో మారణకాండ జరగలేదనే రచయితని వేదిక మీదకి పిలిచి బహుమతి ఇప్పించాడు. 2014 జనవరి 9న నాంత్ నగరంలో అతని ప్రదర్శన మొదలవడానికి కాసేపటి ముందు దేశంలోని అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం నిషేధం ఖాయం చేసింది. అతను కొన్ని మాటలు మార్చి కొత్త ప్రదర్శన మొదలెట్టాడు. టీవీలో అతని పేరు మోగిపోయింది. నాజీ సెల్యూట్‌ని తిరగేసినట్టుందని విమర్శలొచ్చిన, చెయ్యి కిందకి చాపే అతని సంజ్ఞని కుర్రకారు పెళ్లిఫొటోల్లో కూడా పెట్టుకున్నారు. ఆ సంజ్ఞ చేసిన ఫుట్‌బాల్ ఆటగాడు నికొలా అనెల్కాకి ఇంగ్లండ్‌లో 5 మ్యాచ్‌ల నిషేధం, 80,000 పౌండ్ల జరిమానా పడ్డాయి. ద్వేషమే జీవనోపాధి అయినవాడికి ఒక్కో నిషేధం ఒక్కో పోస్టరు. ముందే ప్రదర్శన ఆపడం కంటే, అన్నాక ఆ మాటకి శిక్ష వెయ్యడం నయమని నాకు అనిపిస్తుంది. అన్నాక వేసే జరిమానాకి పెద్ద హెడ్డింగు రాదు.

మన దగ్గర భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ ఉంది, వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొడితే మూడేళ్ల దాకా జైలు. యూదుల గురించి ఎవరో సినిమావాడు అన్నదానికి దాన్ని వాడమని నేను చెప్పను. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పోస్టు పెట్టినందుకు ఎవరెవర్ని ఎందుకు పట్టుకెళుతుంటారో చూస్తూనే ఉన్నాం. ఆ కత్తిని ఇంకా పదును పెట్టిస్తే తిరిగి మన మెడకే వస్తుంది.

మనదాకా వస్తే

మనకి యూదులు దూరపు సంగతి అనుకుంటాం. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిం కుటుంబాలున్నాయి, వాళ్లకో చిన్న సినగాగ్ (యూదుల ప్రార్థనాలయం) ఉంది. మనింట్లో గట్టిగా అరిచే పెద్దనాన్నని హిట్లర్ అంటాం, ఆ పేరుతో సినిమా కూడా తీసుకున్నాం. ఫుట్‌పాత్ మీద వ్యక్తిత్వ వికాస పుస్తకాల పక్కనే హిట్లర్ ఆత్మకథ దొరుకుతుంది. కొనేవాళ్లలో ఎక్కువమందికి యూదుల మీద కోపమేమీ లేదు, "క్రమశిక్షణ" కోసం కొంటారు. మన దగ్గర ఎవరైనా హిట్లర్‌ని పొగిడితే నేను ముందు తెలియనితనమనే అనుకుంటాను.

అలా అనుకుంటే ఏం జరుగుతుందో నవీ ముంబైలో చూశాం. 2006 ఆగస్టులో ఖార్ఘర్‌లో ఒకాయన హిట్లర్ పేరు పెట్టి, స్వస్తిక గుర్తుతో, బొమ్మతో రెస్టారెంట్ తెరిచాడు. ముంబై యూదు సమాజం వాళ్లు వెళ్లి మాట్లాడారు. కొద్ది రోజుల్లో ఆయనే పేరు మార్చాడు. అప్పుడే కేసు పెట్టి ఉంటే ఆయన వెనక నాలుగు జెండాలు లేచేవి.

అమెరికాలో తెలుగు సంఘాలు నడిపేవాళ్లకి ఒక మాట. వేడుకకి పిలిచిన అతిథి ఇలాంటి మాట అన్నట్టు కార్యక్రమానికి ముందే తెలిస్తే ఫోన్ చేసి అడగండి, రాతలో వివరణ తీసుకోండి. తెలియక అన్నదైతే తన అభిమానులు చూసే చోటే దిద్దమనండి. సంఘం పేజీలో దిద్దితే లాభం లేదు, విషం పడ్డది అక్కడ కాదు కదా. సమర్థించుకుంటే టికెట్ రద్దు చెయ్యండి, పత్రికా ప్రకటన రెండు వాక్యాలకి మించనివ్వకండి. వేదిక మీదకి పిలిచి అందరి ముందు నిలదీద్దాం అనే ఉత్సాహం మాత్రం వద్దు. కన్యే ఇంటర్వ్యూలు గుర్తుంచుకోండి. అన్నిటికంటే ముందు, మీ ఊళ్లో తెలిసిన యూదు కుటుంబాన్ని అడగండి, కానీ వాళ్లని వేదిక మీదకి ఎక్కించి "మీరే క్షమించండి" అనకండి. గాయపడ్డవాళ్లే వచ్చి కట్టు కట్టాలనడం నాకు ఎప్పుడూ అర్థం కాదు. మోస్‌బర్గ్ లాంటివాళ్లు తమంతట తాము వస్తే అది వాళ్ల పెద్దమనసు, మన హక్కు కాదు.

యూట్యూబ్ ఛానెల్ నడిపేవాళ్లు అలాంటి మనిషిని పిలిచేముందు తమని తాము ఒక్కటే అడగాలి. వ్యూస్ రాకపోయినా ఈ గంట ఇతనితో కూర్చుంటానా? కూర్చుంటానంటే కెమెరా ఆపి కూర్చోండి.

వాట్సాప్ గ్రూపులో బావగారో బాబాయిగారో "బ్యాంకులన్నీ వాళ్లవే తెలుసా" అని ఫార్వర్డు చేస్తే గ్రూపులో వాదన పెట్టుకోకండి. అక్కడ ఆయన పరువు, మీ పరువు, మధ్యలో ముప్ఫై మంది ప్రేక్షకులు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోన్ చెయ్యండి. "బాబాయ్, మనల్ని కూడా బయటి దేశాల్లో ఉద్యోగాలన్నీ వీళ్లే లాక్కుంటున్నారు అంటుంటారు కదా, అదీ ఇదీ ఒకే మాట" అని చెప్పండి. మా బాబాయికి ఇది పనిచేసింది. ఇంకో చుట్టానికి చెయ్యలేదు. ఆయన్ని గ్రూపు అడ్మిన్ నెల తర్వాత తీసేశాడు, సరైన పనే చేశాడు.

మేనల్లుడు బూట్ల సంగతి చెప్పలేదు కదూ. నా జవాబు నచ్చక వాడే పక్క సీటు కుర్రాణ్ని అడిగాడట. ఆ పిల్లాడు "స్కూలుకి వేసుకో, నాకేం కాదు. మా ఇంటికి వచ్చేటప్పుడు మాత్రం వేరేవి వేసుకురా, మా తాతయ్య ఉంటాడు" అన్నాడట. ఆ శనివారం వీడు పాత చెప్పులేసుకుని వెళ్లాడు. బూట్లు ఎక్కడున్నాయని మొన్న మా అక్కని అడిగితే, గరాజ్‌లో అట్టపెట్టెలో ఉన్నాయంది. ఇప్పుడు వాడి పాదం పెరిగిపోయింది, పెట్టినా పట్టవు.